కంప్యూటరు మారితే కూలి పేరు ఎందుకు మాయమవాలి?

ఉద్దానంలో ఏ మాలపేటకో, ఏ రెల్లివీధికో వెళ్లి ఉపాధి పని సంగతి కదిపి చూడండి. ఏదో ఒక ఇంట్లోంచి ఒక ముసలమ్మ అట్ట ఊడిన జాబుకార్డు పట్టుకొచ్చి మీ చేతిలో పెడుతుంది. "సూడు బాబూ, ఇందల నా పేరుంది, నా పొటో ఉంది. పదేనేళ్లబట్టి గోతులు తవ్వినాను. ఇప్పుడు కంపూటర్ల నీ పేరు నేదంతన్నారు. మరి నాను సచ్చిపోనానేటి?" అని అడుగుతుంది.

ఆమె అడిగిన దానికి మండలాఫీసులో జవాబు లేదు. "సిస్టమ్ మారింది. మా చేతుల్లో ఏం లేదు. పైనుంచి వచ్చింది" అంటారు. ఫీల్డ్ అసిస్టెంటుదీ అదే మాట, కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడిదీ అదే మాట. తుఫాను పైనుంచి వస్తుందంటే ఉద్దానం జనానికి అర్థమవుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చింది, కొబ్బరీ జీడీ కూకటివేళ్లతో లేచిపోయాయి. దానికి ఎవరినీ నిలదీయలేం. కానీ కంప్యూటరు తుఫాను కాదు. దాన్ని మనుషులే రాశారు, మనుషులే కొన్నారు, మనుషులే మార్చారు. మార్చేటప్పుడు ఎవరిని అడిగారు, ఎవరికి చెప్పారు, ఎవరు నష్టపోయారు అన్నవి రాజకీయ ప్రశ్నలు. వాటిని "టెక్నికల్" అనే మాట వెనక దాచిపెట్టడం కుదరదు.

అసలేం జరిగిందో ముందు వరసగా చూద్దాం.

ఉపాధి హామీ పథకం మన రాష్ట్రంలో 2006 ఫిబ్రవరిలో మొదలైంది. మన శ్రీకాకుళం జిల్లాకు ఆ మరుసటి ఏడు వచ్చింది. దేశంలో చాలా రాష్ట్రాలు కేంద్రం వారి ఎన్‌ఐసీ తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌తో లెక్కలు నడిపితే, ఆంధ్రప్రదేశ్ టీసీఎస్ కంపెనీ చేత సొంతంగా ఒక సాఫ్ట్‌వేర్ తయారు చేయించుకుంది. అందులో లోపాలు లేవని మేము అనం. దొంగ మస్తర్లు అప్పుడూ ఉన్నాయి. అయినా అది ఇక్కడి పని పద్ధతిని చూసి అల్లిన అల్లిక. కూలీలు శ్రమశక్తి సంఘాలుగా కలిసి పనికి దిగేవారు, లెక్క కూడా అలాగే ఎక్కేది. ఎంత కొలత, ఎంత కూలి అని పే స్లిప్పు ఇచ్చే పద్ధతి ఉండేది. ఎండాకాలం నేల గట్టిపడుతుంది, మనిషి నీరసిస్తాడు కనుక ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కొలతలో వేసవి అలవెన్సు కలిసేది. ఊళ్లో ఎవరికెంత వచ్చిందో చూసి, సామాజిక తనిఖీ వాళ్లు గ్రామసభలో చదివి వినిపించే వీలుండేది.

2022లో ఆ సాఫ్ట్‌వేర్ తీసేసి రాష్ట్రాన్నంతా ఎన్‌ఐసీ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చారు. కొత్త దాంట్లో వేసవి అలవెన్సుకు గడి లేదు. గడి లేదు గనక అలవెన్సు లేదు! ఏ అసెంబ్లీలోనూ చర్చ జరగకుండా, ఏ గ్రామసభలోనూ తీర్మానం లేకుండా, ఎండలో పలుగు పట్టిన మనిషి హక్కు ఒకటి గడి లేక పోయింది. ఇంతకంటే మెత్తగా కూలి కోసే పద్ధతి ఏ భూస్వామికైనా తెలుసా?

అదే కాలంలో మరో రెండు మార్పులు వచ్చి నెత్తిన పడ్డాయి. ఒకటి సెల్‌ఫోన్ హాజరు. 2022 మే 16 నుంచి 20 మంది, ఆపైన ఉన్న పనిచోట్ల, 2023 జనవరి 1 నుంచి అన్నిచోట్లా, రోజుకు రెండుసార్లు ఫోటో తీసి పంపాలన్నారు. మన దగ్గర పని కొలత లెక్క. జనం చీకటితోనే లేచి, ఎండ ముదరకముందే కొలత పూర్తిచేసి ఇల్లు చేరేవారు. ఫోటో రెండోసారి కావాలి గనక మిట్టమధ్యాహ్నం దాకా గట్టు మీద కూర్చోవాలి, లేదా మళ్లీ నడిచి రావాలి. ఇంటింటా కిడ్నీ భయం ఉన్న ఉద్దానంలో, మంచినీళ్ల కోసం మనిషి మనిషినీ అడుక్కునే ఊళ్లలో, ఈ మాట ఎవరైనా ముందుగా అడిగితే మా ఆడవాళ్లు రెండు నిమిషాల్లో చెప్పేవారు. ఎవరూ అడగలేదు.

రెండోది ఆధార్ చెల్లింపు. 2023 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి అన్నారు, గడువు పొడిగించారు, మళ్లీ పొడిగించారు, చివరికి 2024 జనవరి 1 నుంచి ఖాయం చేశారు. గడువు అన్నిసార్లు పొడిగించారంటే జనం సిద్ధంగా లేరని వాళ్లకీ తెలుసన్నమాటే కదా! ఆ తొందరలోనే జిల్లాల్లో అధికారుల మీద ఒత్తిడి పెరిగింది. నూటికి నూరు కలపాలి. కలవని పేరును ఏం చేయాలి? సరిచేయడానికి రోజులు పడతాయి. తీసేయడానికి ఒక్క నొక్కుడు చాలు.

2023 జూలైలో లోక్‌సభలో ప్రభుత్వమే ఇచ్చిన లెక్క చూడండి. 2021-22లో ఆంధ్రప్రదేశ్‌లో తొలగించిన కూలీల పేర్లు సుమారు 6 లక్షల 25 వేలు. 2022-23లో 78 లక్షల 5 వేలు! దేశం మొత్తం మీద ఆ ఏడాది 5 కోట్ల పైచిలుకు. తీసేసిన పేర్లన్నీ నిజమైన కూలీలవేనని మేము వాదించడం లేదు. చనిపోయినవారు ఉంటారు, రెండుచోట్ల ఎక్కినవారు ఉంటారు. కానీ ఒక్క ఏడాదిలో పన్నెండింతల మంది చచ్చిపోయారా? పన్నెండింతల మంది ఊరు విడిచారా? తీసేసిన పేరు పక్కన "పని చేయడం ఇష్టం లేదు" అని కూడా ఒక కారణం రాస్తారు. ఇష్టం లేదని ఎవరు చెప్పారు? ఏ పేటకు వచ్చి ఏ మనిషిని అడిగారు?

అక్కడితో ఆగలేదు. 2025లో ముఖం చూపించి ఈ-కేవైసీ చేయించుకోవాలన్నారు. ఆ అక్టోబరు, నవంబరుల మధ్య ఒక నెల రోజుల్లోనే దేశంలో సుమారు 27 లక్షల పేర్లు పోయాయని, అందులో సగానికి పైగా, దాదాపు 16 లక్షలు ఆంధ్రప్రదేశ్‌వేనని లిబ్‌టెక్ ఇండియా పరిశోధకులు లెక్కతేల్చారు.

సాఫ్ట్‌వేర్ మార్చడమంటే ఏమిటో ఊరి భాషలో చెప్పుకుందాం. ఒక ఇల్లు ఖాళీ చేసి ఇంకో ఇంటికి సామాను మోసుకుపోవడం లాంటిది అది. మోసేటప్పుడు ఏది పగులుతుంది? ఇనప్పెట్టె పగలదు. మట్టికుండ పగులుతుంది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవాడు, ఫోను చేస్తే పలికే బంధువు ఆఫీసులో ఉన్నవాడు ఇనప్పెట్టె. మనం మట్టికుండలం.

మన పేర్ల సంగతే తీసుకోండి. జాబుకార్డు రాసినవాడు ఇంట్లో పిలిచే పేరు రాశాడు. ఆధార్ తీసినవాడు బడి కాగితంలో పేరు రాశాడు. బ్యాంకువాడు భర్త ఇంటిపేరు తగిలించాడు. లక్ష్మి అనే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు రకాలుగా రాస్తారు. ఊరికి ఆమె ఒక్కతే లక్ష్మి, కంప్యూటరుకు నలుగురు. పలాస, కాశీబుగ్గల్లో జీడి పిక్కలు కొట్టే మన ఆడవాళ్ల వేళ్లు చూడండి. జీడి నూనె చర్మాన్ని తినేస్తుంది, గీతలు అరిగిపోతాయి. మిషను మీద వేలు పెడితే పడదు. ఆ జీడిపప్పు తినేవాడి వేలిముద్ర మాత్రం మొదటిసారికే పడుతుంది! డయాలిసిస్ కోసం సోంపేటకో, పలాసకో వారంలో రెండు మూడు రోజులు తిరిగే మనిషి, అతని వెంట వెళ్లే భార్య, ఈ-కేవైసీ తేదీన ఊళ్లో ఉంటారా? వేరావల్‌కు వేటకు పోయిన గంగపుత్రుడు, చెన్నైకి మేస్త్రీ పనికి పోయిన మాల కుర్రాడు "శాశ్వతంగా ఊరు విడిచినవారు" అయిపోతారా?

"ఇలాంటి తిప్పలు కొత్త మిషనుతో మామూలే, ఎక్కడైనా ఉంటాయి" అని కొందరు చదువుకున్నవారు సర్దిచెప్తారు. ఎక్కడైనా ఉండవు. సొమ్మున్నవాడి దగ్గర ఉండవు. చూద్దాం.

మన ప్రాంతంలో చాలామందికి ఆంధ్రా బ్యాంకు ఖాతాలుండేవి. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. ఖాతా నంబరు మార్చలేదు. పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడు 2021 మార్చి 31 దాకా, అంటే ఏడాది పాటు చెల్లింది. పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడిచాయి. ఎందుకు? అందులో వ్యాపారుల డబ్బుంది, కాంట్రాక్టర్ల చెక్కులున్నాయి. వాళ్ల లావాదేవీ ఒక్క రోజు ఆగితే గోల అవుతుంది. మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10ను 2025 అక్టోబరు 14న ఆపేసింది. ఆ తేదీ ఏళ్ల ముందే ప్రకటించింది, దాటాక కూడా కావాలన్నవారికి మరో ఏడాది మరమ్మతుల సదుపాయం పెట్టింది. ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ అయినా పెద్ద ఖాతాదారుడి దగ్గర పాటించే మర్యాద ఇది: ముందు చెప్పడం, నేర్పించడం, కొన్నాళ్లు రెండూ నడపడం, తప్పు వస్తే వెనక్కి మళ్లే దారి ఉంచడం, పిలిస్తే పలికే మనిషిని పెట్టడం. అంటే మర్యాద తెలియక కాదు. ఎవరికి చూపాలో తెలిసి చూపిస్తారు. బ్యాంకు కోడుకు ఏడాది గడువు ఇచ్చిన దేశంలో దళిత కూలి పేరుకు ఒక్క నోటీసు కూడా లేదు.

ఇందులో ఒక కిటుకు ఉంది. అది మన కార్యకర్తలు బాగా పట్టుకోవాలి. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాడికి ఖాతాదారుడు ఎవరు? డబ్బు కట్టేవాడు. అంటే ప్రభుత్వం. రోజూ దాని వల్ల తినడమో పస్తుండడమో జరిగే మనిషి వాడి లెక్కలో ఖాతాదారుడు కాదు. ఢిల్లీలో రిపోర్టు పచ్చగా కనిపిస్తే కొత్త సాఫ్ట్‌వేర్ విజయం. పేరు తీసేస్తే కూడా రిపోర్టు పచ్చగానే ఉంటుంది, ఎందుకంటే కలవని పేరు ఇక లెక్కలోనే లేదు! తప్పు చేసినవాడికి ఖర్చు లేదు. సరిచేసుకునే ఖర్చంతా మనదే. ఒక రోజు కూలి పోతుంది, 2025-26 రేటు ప్రకారం 307 రూపాయలు. ఆటో కిరాయి, జిరాక్సు, ఫారం రాసినవాడి చేతిఖర్చు వేరే. వెళ్లిన రోజు "సర్వర్ లేదు" అంటే మళ్లీ ఇంకో రోజు. పైగా "ఏమే, మొన్న చెప్పలేదా" అనే మాట పడాలి. కామందు భార్యను "అమ్మగారూ" అనే నోటికి మన తల్లుల దగ్గరకు వచ్చేసరికి ఆ "అమ్మ" పలకదు.

పుస్తకం మారినప్పుడల్లా మన పేరు జారిపోవడం ఈనాటిది కాదు. టెక్కలి, మందస జమీందారీలు 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో పోయినప్పుడు, భూమి లెక్కలు కొత్త పుస్తకాల్లోకి ఎక్కాయి. దున్నిన పాలేరు పేరు ఎక్కడానికి కలం ఎవరి చేతిలో ఉందో మన తాతలకు తెలుసు. 1984లో కరణాలనూ మునసబులనూ తీసేశారు, కరణం దస్తరం పోయింది. దస్తరం పోయినా, రాసేది వాళ్లు, వేలిముద్ర వేసేది మనం అనే ఏర్పాటు పోలేదు. 2012 జూన్ 12న లక్షింపేటలో ఐదుగురు దళితులను నరికి చంపింది కూడా మడ్డువలస ప్రాజెక్టు కింద సేకరించిన భూమిని వారు సాగుచేసుకుంటున్నందుకే. కాగితం మీద పేరు లేని బతుకు ఎంత ప్రమాదమో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

అలాగని మనం కంప్యూటరుకు శత్రువులం కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే "వీళ్లకు అభివృద్ధి గిట్టదు" అని మన మీద మచ్చ వేయడానికి కాచుకున్నవారున్నారు. మేట్ జేబులో ఉన్న మస్తరు కంటే అందరూ చూడగలిగే మస్తరు మనకు మేలు. సర్పంచి బావమరిది పేరు మీద పడ్డ దొంగ హాజరును సామాజిక తనిఖీలో పట్టించింది కూడా కంప్యూటరు లెక్కే. బాబాసాహెబ్ అంబేద్కర్ బిడ్డలు యంత్రానికి భయపడరు. మన తగాదా యంత్రంతో కాదు, "కంప్యూటరు చెప్పింది గనక నువ్వు లేవు" అనే అహంకారంతో.

ఆ అహంకారం ఎక్కడిదాకా పోతుందో బ్రిటన్ చూపించింది. అక్కడి తపాలా శాఖ 1999 నుంచి హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది, ఫుజిట్సు కంపెనీది. చిన్న తపాలా కార్యాలయాలు నడుపుకునే మామూలు మనుషుల లెక్కల్లో అది లేని లోటు చూపించింది. "మేము తీయలేదు" అని వాళ్లు మొత్తుకున్నారు. కంప్యూటరు తప్పు చెప్పదన్నారు. 900 మందికి పైగా దోషులయ్యారు, కొందరు జైళ్లకు పోయారు. చివరికి 2024లో వాళ్ల పార్లమెంటే చట్టం చేసి ఆ శిక్షలు కొట్టేయాల్సి వచ్చింది. దొరల దేశంలో చదువుకున్నవారికే ఇరవై ఏళ్లు పట్టింది. అక్కడ వాళ్లను గెలిపించింది ఏమిటి? ఒక్కొక్కరు "తప్పు నాదేనేమో" అనుకున్నంత కాలం ఓడిపోయారు. ఊరూరా తమలాంటివాళ్లు ఉన్నారని తెలిసి కలిసిన రోజు నుంచి గెలుపు మొదలైంది. ఢిల్లీలో జంతర్‌మంతర్ దగ్గర 2023 ఫిబ్రవరి నుంచి ఉపాధి కూలీలు సెల్‌ఫోన్ హాజరు మీద, ఆధార్ చెల్లింపు మీద వంద రోజుల ధర్నాకు కూర్చున్నది కూడా అందుకే.

ఇప్పుడే ఈ సంగతి ఎందుకు ఎత్తుకున్నామంటే, ఇంకో మోత ముందుంది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. 125 రోజులు అంటున్నారు. నాట్లూ కోతల కాలంలో 60 రోజులు పని ఆపవచ్చంటున్నారు. ఖర్చులో 40 వంతులు రాష్ట్రం పెట్టుకోవాలంటున్నారు. వీటి మీద మన అభిప్రాయం వేరుగా రాస్తాం. ఇక్కడ చెప్పేదొకటే. చట్టం మారితే కార్డు మారుతుంది, నమోదు మారుతుంది, లెక్కల సాఫ్ట్‌వేర్ మారుతుంది. వేలిముద్రనూ ముఖాన్నీ చూసి గుర్తించే పద్ధతిని ఈసారి చట్టంలోనే రాశారు. సామాను మళ్లీ బండికెక్కుతోంది. మట్టికుండలు జాగ్రత్త!

మనం అడగాల్సినవి ఇవి:

1. కొత్త లెక్క మొదలైనా పాత కార్డు, పాత పేర్ల జాబితా కనీసం ఏడాది చెల్లాలి. బ్యాంకు కోడుకు ఇచ్చిన గడువు మనిషికి ఇవ్వలేరా?

2. ఏ పేరూ గ్రామసభలో చదవకుండా తీయకూడదు. తీయబోయే పేర్లూ కారణాలూ తెలుగులో రాసి, పంచాయతీ గోడకే కాదు, పేటలో గోడకు కూడా అంటించాలి.

3. తప్పు సరిచేయడానికి మనల్ని మండలానికి తిప్పడం కాదు, మిషను పట్టుకుని వాళ్లే పేటకు రావాలి. డబ్బు తీసుకోకూడదు.

4. వేలు పడకపోయినా, ముఖం చిక్కకపోయినా పని ఆపకూడదు. ఊరివాళ్ల సాక్ష్యం మీద హాజరు వేసే దారి ఉండాలి. మిషను ఓడిపోతే మనిషి ఓడిపోయినట్టు కాదు.

5. సిస్టమ్ తప్పు వల్ల పోయిన పనిదినాలకు కూలి కట్టాలి. కొలత, కూలి చూపే పే స్లిప్పు తెలుగులో చేతికివ్వాలి. వేసవి అలవెన్సుకు గడి పెట్టాలి. గడి పెట్టడం చేతకాదని ఏ ఇంజనీరూ చెప్పడు.

అడగడం ఒక ఎత్తు. మన పని మనం చేయడం ఇంకో ఎత్తు. నిజం చెప్పుకోవాలంటే మన సంఘాలు కూడా ఇక్కడ వెనకబడ్డాయి. విగ్రహానికి అవమానం జరిగితే రోడ్డెక్కుతాం, ఎక్కాల్సిందే. కానీ ఒక్క నొక్కుడుతో పేట పేటంతా జాబితాలోంచి పోతే మనకు మూడు నెలలకు గానీ తెలియడం లేదు. దెబ్బ కనబడదు, రక్తం రాదు గనక అది దౌర్జన్యం కాదనుకుంటున్నాం.

అందుకని ప్రతి పేటలో ఈ పక్షమే ఒక పని మొదలుపెట్టండి. ఒక పెద్ద నోటుపుస్తకం కొనండి. పదో తరగతో, డిగ్రీయో చదివిన అమ్మాయిని కూర్చోబెట్టండి. ఇంటింటికీ వెళ్లి జాబుకార్డు నంబరు, కార్డులో పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకు పుస్తకంలో పేరు పక్కపక్కన రాయించండి. ఎక్కడ అక్షరం తేడా ఉందో అక్కడ ఎర్ర సున్నా చుట్టండి. కార్డు ప్రతి పేజీనీ సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి ఉంచండి. వలసపోయినవారు ఎక్కడున్నారో, ఎప్పుడొస్తారో రాయండి, రేపు "శాశ్వతంగా వెళ్లారు" అన్నవాడికి ఆ పేజీ చూపండి. ఆధార్ నంబర్లూ బ్యాంకు నంబర్లూ మాత్రం ఆ పుస్తకంలో రాయకండి, అవి ఎవరి ఇంట్లో వారి దగ్గరే ఉండాలి. పుస్తకం గ్రామసభలో పెట్టి, చదివించి, తీర్మానం రాయించండి. పోయిన పేర్ల జాబితా సమాచార హక్కు చట్టం కింద అడగండి. పంచాయతీలో అడిగితే ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, బీదరికపు రేఖకు దిగువనున్నవారికి అదీ లేదు.

ఫీల్డ్ అసిస్టెంటుతోనూ, కంప్యూటరు కుర్రాడితోనూ అనవసరంగా తగువు పడకండి. చాలాచోట్ల వాళ్లూ మన పిల్లలే, వాళ్లకూ ఎవరూ సరిగ్గా నేర్పలేదు. "బాబూ, పైనుంచి ఏ కాగితం వచ్చింది, చూపించు" అని అడగండి. కాగితం ఉంటే దాని మీద కొట్లాడదాం. కాగితం లేకపోతే ఎవరి మీద కొట్లాడాలో అప్పుడే తెలుస్తుంది.

మన తాతలకు దస్తరం ముట్టే హక్కు లేదు. మన తల్లులకు వేలిముద్ర తప్ప సంతకం లేదు. మన పిల్లలకు అక్షరం వచ్చింది. ఆ అక్షరంతో మొదట మన పేటలో పేర్లు మనం రాసుకుందాం. కొత్త కంప్యూటరు వచ్చిన రోజున "నీ పేరు లేదు" అని ఎవడైనా అంటే, పేట పేటంతా పుస్తకం పట్టుకుని మండలాఫీసు మెట్ల మీద కూర్చుందాం. పేరు ఎక్కేదాకా లేవొద్దు.

జై భీమ్!